లీనియమెంట్ల దిశ ఒకటి, ఫోలియేషన్ స్ట్రైక్ మరొకటి: క్యూజీఐఎస్‌లో తేడా ఎక్కడ పుడుతోంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. యారాడ నుంచి భీమిలి దాకా 30 మీటర్ల డెమ్ (నేల ఎత్తుల డిజిటల్ మ్యాపు) మీద హిల్‌షేడ్ (ఒక దిక్కు నుంచి వెలుగు వేసినట్టు కొండలకు నీడలు చూపే చిత్రం) వేసుకుని, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో 86 లీనియమెంట్లు (నేల మీద కనిపించే పొడవైన గీతలు) గీశారు. రోజ్ డయాగ్రమ్‌లో (ఏ దిశలో ఎన్ని గీతలున్నాయో పూరేకుల్లా చూపే పటంలో) ఈశాన్యం-నైరుతిగా ఒకే ఒక పెద్ద రేకు వచ్చింది. కానీ టేబుల్‌లో అజిముత్ (ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచే కోణం) సగటు తీస్తే 130 పైచిలుకు చూపిస్తోంది. పైగా కైలాసగిరి వైపు ఖోండలైట్ రాతిలోని ఫోలియేషన్ (ఖనిజాలు పరుచుకున్న పొరలు) మీద కంపాస్‌తో తీసిన స్ట్రైక్‌లకీ (వాలిన పొర మీద సమతలంగా ఉండే గీత దిశలకీ), పక్కనే మీరు గీసిన గీతలకీ 30-40 డిగ్రీల తేడా కనిపిస్తోంది. ప్రాజెక్షన్ తప్పా, కంపాస్ తప్పా అని అడిగారు.

ముందు ప్రాజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాపులోకి మార్చే పద్ధతి) సంగతి తేల్చేద్దాం. లేయర్ అక్షాంశ రేఖాంశాల్లో (ఈపీఎస్‌జీ 4326) ఉండగా అజిముత్ తీస్తే తప్పు వస్తుంది, నిజమే. క్యూజీఐఎస్‌లోని అజిముత్ ఫంక్షన్ డిగ్రీలనే గ్రాఫు కాగితం మీది గళ్ళలా చూస్తుంది. విశాఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశంలో 0.959 వంతు మాత్రమే. అందువల్ల అసలు 45 డిగ్రీలున్న గీత 46.2 అని వస్తుంది. ఎక్కువలో ఎక్కువ తేడా ఇంతే, 1.2 డిగ్రీలు. కాబట్టి మీ 30-40 డిగ్రీలకు ప్రాజెక్షన్‌ను నిందించి లాభం లేదు. అయినా లేయర్‌ను యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి (ఈపీఎస్‌జీ 32644) మార్చుకోండి, ఎందుకంటే పొడవులు మీటర్లలో కావాలి. గూగుల్ బేస్‌మ్యాప్ వాడే 3857లో కోణాలు బాగానే ఉంటాయి గానీ, మన అక్షాంశం దగ్గర పొడవులు దాదాపు 5 శాతం సాగిపోతాయి.

ఇక సగటు. గీతకు మొదలు, చివర అంటూ భూమి మీద ఏమీ ఉండదు. మీరు మౌస్‌తో ఏ చివర ముందు క్లిక్ చేస్తే అదే మొదలు. నైరుతి నుంచి ఈశాన్యానికి గీసింది 45 అవుతుంది, అదే గీతను పైనుంచి కిందికి గీస్తే 225. సగం గీతలు ఇలా, సగం అలా గీస్తే మామూలు సగటు సరిగ్గా 135 వస్తుంది. అంటే అసలు దిశకు అడ్డంగా! మీకు కనిపించిన 130 పైచిలుకు ఇదే. రోజ్ డయాగ్రమ్ వేసే ప్లగిన్ రెండు చివర్లనూ ఒకటిగానే లెక్కేసింది కాబట్టి అక్కడ తప్పు బయటపడలేదు.

సవరణ ఇలా చేయండి. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో అజిముత్ ఫంక్షన్‌కు గీత స్టార్ట్ పాయింట్, ఎండ్ పాయింట్ ఇస్తే జవాబు రేడియన్లలో వస్తుంది. దాన్ని డిగ్రీస్ ఫంక్షన్‌లో పెట్టి, వచ్చిన అంకెకు 180తో శేషం (శాతం గుర్తు) తీయండి. ఇప్పుడు అన్నీ 0 నుంచి 180 లోపలికి వచ్చాయి. కానీ పని ఇక్కడితో అయిపోలేదు. 170, 10, 20 డిగ్రీలున్న మూడు సమానమైన గీతలు తీసుకోండి. మూడూ ఉత్తరం చుట్టుపక్కలే ఉన్నాయి, మామూలు సగటు మాత్రం 66.7. అర్థం లేని అంకె. కోణాలను రెట్టింపు చేస్తే 340, 20, 40. వాటి సైన్‌ల మొత్తం 0.643, కొసైన్‌ల మొత్తం 2.646. ఏటాన్2 ఫంక్షన్‌కు ముందు సైన్ మొత్తం, తర్వాత కొసైన్ మొత్తం ఇచ్చి, వచ్చిన కోణాన్ని సగం చేస్తే 6.8 డిగ్రీలు. అదీ సరైన సగటు. నెగటివ్ వస్తే 180 కలపండి. పొడవును బట్టి ప్రాధాన్యం ఇవ్వాలంటే ప్రతి సైన్, కొసైన్ విలువనూ దాని పొడవుతో గుణించి కూడండి.

ఆ రెండు మొత్తాల వర్గాలు కూడి, వర్గమూలం తీసి, గీతల సంఖ్యతో (పొడవు వాడితే మొత్తం పొడవుతో) భాగిస్తే 0కీ 1కీ మధ్య ఒక అంకె వస్తుంది. పై ఉదాహరణలో 0.91. ఒకటికి దగ్గరగా ఉంటే గీతలన్నీ ఒకే దిక్కున పేర్చినట్టు ఉన్నాయని. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 45 దగ్గర ఒక గుంపు, 135 దగ్గర ఇంకో గుంపు సమానంగా ఉన్నాయనుకోండి. రెట్టింపు చేస్తే 90, 270 అయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అంకె సున్నాకు వస్తుంది. "దిశ ఏమీ లేదు" అని రిపోర్టులో రాసేస్తారు. రాళ్ళలో మాత్రం రెండు స్పష్టమైన గుంపులు ఉంటాయి. అందుకే ముందు రోజ్ డయాగ్రమ్ చూసి, గుంపులు విడదీసి, ఏ గుంపు సగటు ఆ గుంపుకే తీయాలి.

రేలీ పరీక్ష (ఆ దిశ కాకతాళీయంగా వచ్చిందా అని చూసే గణాంక పరీక్ష) పెట్టమని గైడ్ అడిగితే, గీతల సంఖ్యను 0కీ 1కీ మధ్య వచ్చిన ఆ అంకె వర్గంతో గుణించి, నెగటివ్ పెట్టి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే ఉజ్జాయింపు సంభావ్యత వచ్చేస్తుంది. 40 గీతలకు 0.3 ఉంటే 0.027, అంటే దిశ ఉందనొచ్చు. అదే 40 గీతలకు 0.2 ఉంటే సంభావ్యత 0.20, ఏమీ చెప్పలేం. అయితే ఈ లెక్కలో గీతల సంఖ్య అంటే మీరు గుర్తించిన లీనియమెంట్ల సంఖ్య. ఎక్స్‌ప్లోడ్ లైన్స్ టూల్‌తో ముక్కలు చేశాక వచ్చిన సంఖ్య పెట్టకూడదు. వంకర తిరిగిన ఒక్క 3 కిలోమీటర్ల గీతలో 40 వెర్టెక్స్‌లు (గీసేటప్పుడు క్లిక్ చేసిన బిందువులు) ఉంటే 39 ముక్కలవుతుంది. 86 గీతలు రెండు మూడు వేలై కూర్చుంటాయి, ఏ పరీక్ష పెట్టినా పాసైపోతుంది.

ముక్కలు చేయాలా వద్దా అన్నది గీత స్వభావాన్ని బట్టి ఉంటుంది. తిన్నగా సాగే ఫ్రాక్చర్‌కు (పగులుకు) మొదలు-చివర కలిపిన ఒకే దిశ చాలు. ఫోలియేషన్‌ను అనుసరించి వంగుతూ పోయే గుట్ట శిఖరానికి ముక్కలే నయం. కానీ ముందు సింప్లిఫై టూల్‌తో 60-90 మీటర్ల టాలరెన్స్ పెట్టి చేతి వణుకు తీసేయండి. 30 మీటర్ల డెమ్ మీద అంతకన్నా చిన్న వంపుకు విలువ లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీకు ఒకే రేకు ఎందుకు వచ్చింది? తూర్పు కనుమల ప్రధాన దిశ ఈశాన్యం-నైరుతి కాబట్టి, అది కొంతవరకు నిజమే. కానీ మీ హిల్‌షేడ్‌లో వెలుగు ఎటునుంచి పడుతోందో చూశారా? జీడాల్ (క్యూజీఐఎస్‌తో పాటే వచ్చే టూల్‌సెట్) హిల్‌షేడ్ టూల్‌లో డిఫాల్ట్ 315 డిగ్రీలు, వెలుగు ఎత్తు 45. క్యూజీఐఎస్ సొంత టూల్‌లో 300, 40. లేయర్ స్టైల్‌లోని హిల్‌షేడ్‌లో మళ్ళీ 315, 45. మూడూ వాయవ్యం నుంచే. వాయవ్యపు వెలుగు ఈశాన్యం-నైరుతి గుట్టలకు నిలువునా తగిలి, ఒక వైపు తెల్లగా, ఒక వైపు నల్లగా చెక్కినట్టు చూపిస్తుంది. అదే వెలుగుకు సమాంతరంగా వాయవ్యం-ఆగ్నేయంగా ఉన్న లోయ, పగులు దాదాపు మాయమైపోతుంది, దాని రెండు గట్ల మీదా వెలుగు ఒకేలా పడుతుంది కాబట్టి. మన ప్రాంతానికి ఈ డిఫాల్ట్ అన్నింటికన్నా పనికిరానిది. తెలిసిన దిశనే పెద్దది చేసి చూపిస్తుంది, గెడ్డలు (వాగులు) మలుపు తిరిగే అడ్డ పగుళ్ళను దాచేస్తుంది.

మల్టీడైరెక్షనల్ పెట్టాను కదా అంటారేమో. జీడాల్‌లో అది 225, 270, 315, 360 నుంచి పడే వెలుగుల మేళవింపు. డిఫాల్ట్ కన్నా మెరుగే, కానీ నాలుగూ కలిసిపోయి అన్నీ కాస్త చప్పబడతాయి. గీతలు గీయడానికి విడివిడి హిల్‌షేడ్లే మంచివి. 315, 0, 45, 90 నుంచి నాలుగు వేయండి. వెలుగు ఎత్తు 25-30కి దించండి. తీరం పక్క పల్లపు నేలకు జెడ్ ఫ్యాక్టర్ (ఎత్తును ఎన్ని రెట్లు చేసి చూపాలన్న అంకె) 3, కొండల్లో 1 లేదా 1.5. ఒక్కో హిల్‌షేడ్ మీద విడి లేయర్‌లో, మిగతావి ఆపేసి గీయండి. తర్వాత నాలుగూ కలిపి, 100 మీటర్ల బఫర్‌లో (ఒకదానికొకటి అంత దూరంలోపు) దాదాపు ఒకే దిశలో ఉన్న జంటల్లో ఒకటే ఉంచండి. ఏ గీత ఎన్ని హిల్‌షేడ్లలో దొరికిందో ఒక కాలమ్‌లో రాసుకుంటే, నమ్మకానికి అదే కొలబద్ద. దక్షిణం నుంచి వెలుగు వేస్తే మాత్రం చాలామంది కంటికి లోయ గుట్టలా, గుట్ట లోయలా తిరగబడి కనిపిస్తుంది, జాగ్రత్త.

ఉపగ్రహ చిత్రాలతో సరిచూస్తానంటే అక్కడా ఇదే తంటా ఉంది. ల్యాండ్‌శాట్, సెంటినెల్-2 ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటతాయి. మేఘాల్లేని నవంబరు-జనవరి చిత్రాల్లో సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు, అంటే మళ్ళీ మన గుట్టలకు అడ్డంగానే. మే నెలలో తూర్పుకు జరుగుతాడు గానీ అప్పటికే 70 డిగ్రీల దాకా పైకెక్కి ఉంటాడు, నీడలే ఉండవు. కాబట్టి చిత్రాన్ని గీతలు వెతకడానికి కాకుండా, గీసినవాటిలో దొంగ గీతలను ఏరడానికి వాడండి.

దొంగ గీతలు మన దగ్గర తక్కువేం కాదు. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కోతలు, ఏలేరు కాలువ, హైవే కటింగ్‌లు, హైటెన్షన్ లైన్ కింద చెట్లు కొట్టేసిన దారి, జీడి, సరుగుడు తోటల అంచులు అన్నీ చక్కటి సరళరేఖలే. ఎర్రమట్టి దిబ్బల్లోని గండ్లు ఇంకో ఉచ్చు. అవి గట్టిపడని ఇసుకను వాన కోసిన గల్లీలు, రాతి నిర్మాణానికి సాక్ష్యంగా లెక్కేయకూడదు. ఎస్ఆర్‌టీఎమ్, కోపర్నికస్ డెమ్‌లు రెండూ రాడార్‌కు తగిలిన పైభాగాన్నే చూపిస్తాయి. నగరంలో భవనాలు, పోర్టు దగ్గర ఖనిజం గుట్టలు, గాజువాక వైపు ఫ్యాక్టరీలు కూడా కొండలే వాటికి. నగరం మధ్యలో డెమ్ మీద గీత గీయకపోవడమే మేలు.

డెమ్‌ను యూటీఎంలోకి మార్చేటప్పుడు ఇంకో చిన్న సంగతి ఉంది, పట్టించుకునేవాళ్ళు తక్కువ. వార్ప్ టూల్‌లో రీశాంప్లింగ్ (కొత్త గడులకు విలువలు నింపే పద్ధతి) డిఫాల్ట్ నియరెస్ట్ నైబర్, అంటే దగ్గరి గడి విలువనే తీసుకోవడం. ఒక ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 3600వ వంతు) గడి మన దగ్గర ఉత్తర-దక్షిణంగా సుమారు 30.7, తూర్పు-పడమరగా 29.5 మీటర్లు. దాన్ని 30 మీటర్ల చదరంలోకి నెడితే, సుమారు 40 వరుసలకు ఒకటి రెండుసార్లు పడుతుంది, 56 నిలువు వరుసలకు ఒకటి ఎగిరిపోతుంది. హిల్‌షేడ్ వేశాక సుమారు 1.2 కిలోమీటర్లకొక అడ్డగీత, 1.7 కిలోమీటర్లకొక నిలువుగీత సన్నగా, విరిగిన అతుకుల్లా తేలతాయి. రోజ్‌లో 0 దగ్గర, 90 దగ్గర చిన్న ముళ్ళు కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. బైలీనియర్ లేదా క్యూబిక్ ఎంచుకుంటే సమస్యే రాదు. హిల్‌షేడ్ వేశాక రీప్రాజెక్ట్ చేయడం కూడా ఇదే కోవలోది. ముందు డెమ్‌ను మార్చండి, తర్వాతే నీడ.

కొందరు వాగుల నెట్‌వర్క్ తీసి దాని దిశలే స్ట్రక్చర్ అనుకుంటారు. మేఘాద్రి గెడ్డ, నరవ గెడ్డ లాంటివి పగుళ్ళ వెంట పారొచ్చు, ఆలోచన తప్పు కాదు. కానీ డెమ్ నుంచి ఆటోమేటిక్‌గా తీసిన వాగు పిక్సెల్ నుంచి పక్కనున్న ఎనిమిది పిక్సెళ్ళలో ఒకదానికే వెళ్తుంది. ముక్కలు చేసి రోజ్ వేస్తే 0, 45, 90, 135 దగ్గర నాలుగు ముళ్ళు తప్ప ఇంకేమీ రావు. ఆ 45 చూసి "తూర్పు కనుమల దిశ వచ్చేసింది" అని సంబరపడిన థీసిస్‌లు తక్కువేం కాదు. ఒక సంగమం నుంచి ఇంకో సంగమం దాకా ఉన్న లింక్‌ను ఒకే సరళరేఖగా తీసుకుంటే ఈ గోల తగ్గుతుంది, 300 మీటర్ల కన్నా పొట్టి లింకులు తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

రోజ్ డయాగ్రమ్‌కు లైన్ డైరెక్షన్ హిస్టోగ్రామ్ ప్లగిన్ సరిపోతుంది. పొడవును బట్టి లెక్కించే ఆప్షన్ అందులో ఉంది. గడి 10 డిగ్రీలు పెట్టండి. తర్వాత గడి మొదలును 5 డిగ్రీలు జరిపి మళ్ళీ వేయండి. రేకు ఆకారం గణనీయంగా మారితే అది గళ్ళు సృష్టించిన రేకే. రేకు పొడవు సంఖ్యకు నేరుగా అనుపాతంలో ఉంటే పెద్ద రేకు కంటికి ఉన్నదానికన్నా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. వైశాల్యం అనుపాతంలో ఉండే పద్ధతి వాడి, ఆ మాట కింద రాయండి. స్టడీ ఏరియా ఆకారం కూడా వేలు పెడుతుంది. మీది తీరం వెంబడి ఈశాన్యం-నైరుతిగా సాగిన సన్నటి పట్టీ. ఆ పట్టీలో ఆ దిశ గీతలు పొడవుగా బతుకుతాయి, అడ్డగీతలు ఒక వైపు సముద్రానికి, రెండో వైపు మ్యాపు అంచుకు తెగిపోతాయి. పొడవుతో లెక్కిస్తే మీ పట్టీ ఆకారమే రోజ్‌లో దిగుతుంది. కొండల మధ్య 5 కిలోమీటర్ల వ్యాసార్థంతో వృత్తాలు పెట్టి, లోపలి గీతలతో విడిగా రోజ్ వేసి పోల్చండి. పట్టీలో ఉన్న రేకు వృత్తాల్లోనూ నిలబడితే నమ్మవచ్చు.

మీ రెండో ప్రశ్నకు వస్తున్నాను. కంపాస్ స్ట్రైక్‌కూ పక్కనున్న లీనియమెంట్‌కూ 30-40 డిగ్రీల తేడా. ఇందులో తప్పేమీ లేకపోయి ఉండొచ్చు! మ్యాపు మీది గీత అంటే ఒక తలం (రాతి పొర లేదా పగులు) నేలను కోసిన చోటు. తలం నిలువుగా ఉంటేనే ఆ గీత దిశ స్ట్రైక్ అవుతుంది. తలం పడుకుని, నేల వాలుగా ఉంటే గీత వేరే దారి పడుతుంది.

లెక్కలో చూద్దాం. ఫోలియేషన్ 130 డిగ్రీల వైపు 30 డిగ్రీలు డిప్ (వాలు), అంటే దానికి లంబంగా స్ట్రైక్ 40. కొండ దక్షిణపు ముఖం 20 డిగ్రీల వాలు. తలం 130 వైపు మీటరుకు 0.577 మీటర్లు దిగుతుంది. దాన్ని తూర్పు, ఉత్తర భాగాలుగా విడగొడితే 0.442, మైనస్ 0.371. నేల దక్షిణానికి 0.364 దిగుతుంది, అంటే 0, మైనస్ 0.364. ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే 0.442, మైనస్ 0.007. ఈ దిశకు లంబంగా ఉన్నదే నేల మీది గీత: దాదాపు 1 డిగ్రీ. స్ట్రైక్ 40, గీత దాదాపు నేరుగా ఉత్తరానికి! 39 డిగ్రీల తేడా. అదే కొండ మీద అదే స్ట్రైక్‌తో డిప్ 75 అయితే గీత 35 డిగ్రీల దగ్గర ఉంటుంది, తేడా 5కి పడిపోతుంది. కాబట్టి నిటారు జాయింట్లు (రాయి జరగని పగుళ్ళు), ఫాల్టులకు (రాయి జరిగిన పగుళ్ళకు) లీనియమెంట్ రోజ్ స్ట్రైక్ రోజ్‌కు ప్రతినిధి కావచ్చు. తక్కువ డిప్ ఉన్న ఖోండలైట్ ఫోలియేషన్‌కు కాలేదు. రెండింటినీ ఒకే రోజ్‌లో కలిపేయడం ఈ పనిలో జరిగే పెద్ద పొరపాటు.

ఇది మీ దగ్గర జరిగిందో లేదో తేల్చడం సులువే. క్యూజీసర్ఫ్ ప్లగిన్‌లో డెమ్ ఇచ్చి, మీరు రీడింగ్ తీసిన బిందువు, డిప్ దిశ, డిప్ ఇస్తే, ఆ తలం నేలను ఎక్కడెక్కడ కోస్తుందో గీసి చూపిస్తుంది. ఆ గీత మీ లీనియమెంట్ మీద పడితే రెండూ ఒకే తలం, కంపాస్‌ కూడా సరైనదే. పడకపోతే మీరు గీసింది ఫోలియేషన్ కాదు, జాయింటో ఫాల్టో. 86 గీతలకూ అక్కర్లేదు, రీడింగ్ పక్కనున్న 10-15 చోట్ల చూస్తే చాలు.

అదే ప్లగిన్ ఎదురు దారిలోనూ పనిచేస్తుంది. లోయ దాటేటప్పుడు వంపు తిరిగిన గీత మీద బిందువులు పెడితే, వాటికి సరిపోయే తలాన్ని లెక్కిస్తుంది. దీని వెనకున్నది పాత మూడు బిందువుల లెక్కే. మొదటి బిందువు ఎత్తు 60 మీటర్లు. దానికి 100 మీటర్లు తూర్పున రెండోది, ఎత్తు 10. మొదటిదానికి 100 మీటర్లు ఉత్తరాన మూడోది, ఎత్తు 100. తూర్పుకు 0.5 దిగుతోంది, ఉత్తరానికి 0.4 ఎక్కుతోంది. డిప్ 32.6 డిగ్రీలు, దిశ 128.7, స్ట్రైక్ 39 దగ్గర. ఇప్పుడు రెండో బిందువు ఎత్తులో డెమ్ 5 మీటర్లు తప్పి 15 చూపిందనుకోండి. డిప్ 31, దిశ 131.6. పెద్దగా నష్టం లేదు. కానీ మూడు బిందువులూ ఇంచుమించు ఒకే వరుసలో ఉండి, మూడోది ఆ వరుసకు 20 మీటర్లే పక్కకు ఉంటే, అదే 5 మీటర్ల తప్పు వాలులో 0.25 తప్పు అవుతుంది, జవాబు ఎటైనా పోవచ్చు. బిందువులు త్రిభుజంలా బాగా విడిగా, ఒక్కో భుజం కనీసం 10 పిక్సెళ్ళ పొడవుతో ఉండాలి. తిన్నటి గీత మీద ఈ పద్ధతి పనిచేయదు, వంపు ఉండాల్సిందే.

ఫీల్డ్ రీడింగుల వైపు కూడా కొంచెం చూడాలి. ఎక్సెల్‌లో డిప్ దిశ, డిప్ ఒకే గడిలో "12/5" అని కొడితే అది తేదీ అయి కూర్చుంటుంది. రెండు కాలమ్‌లు పెట్టండి, రెండూ అంకెలుగా. ఖాళీ గడి ఉంటే ఇంపోర్ట్‌లో సున్నా అవ్వకుండా చూడండి, లేకపోతే రోజ్‌లో ఉత్తరానికి ఒక ముల్లు లేస్తుంది. "ఉత్తరం 40 తూర్పు" లాంటి పాత పద్ధతి రీడింగులు అజిముత్‌లోకి మార్చేటప్పుడు, డిప్ ఏ వైపో రాసుకోకపోతే ఆ రీడింగ్‌ను పారేయడమే. కుడిచేతి నియమం (స్ట్రైక్ దిశలో చూస్తే డిప్ కుడివైపు) పాటిస్తే స్ట్రైక్‌కు 90 కలిపితే డిప్ దిశ. మ్యాపు మీద గుర్తు వేయడానికి నిలువు గీత, దానికి కుడివైపు చిన్న పుల్ల ఉన్న ఎస్‌వీజీ (బొమ్మ ఫైలు) తీసుకుని రొటేషన్‌కు స్ట్రైక్ కాలమ్ కట్టేయండి. ఒక్క రీడింగ్‌ను చేత్తో సరిచూస్తే చాలు, గుర్తు తిరగబడిందో లేదో తెలిసిపోతుంది. ఫోన్ యాప్‌తో తీసే వాళ్ళు అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్ తీసేయాలి. బైకు పక్కన, ఇనుప రెయిలింగ్ పక్కన తీయకూడదు. మ్యాగ్నెటైట్ (అయస్కాంత ఖనిజం) ఉన్న చార్నోకైట్ రాతి మీద ఫోన్‌ను రాతికి ఆనించే బదులు నోట్‌బుక్ పెట్టి తీసి, ఒకసారి అడుగు దూరం నుంచి కూడా సరిచూడండి.

డిక్లినేషన్ (కంపాస్ ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా) విశాఖలో దాదాపు ఒక డిగ్రీ పడమరకు. యూటీఎం గ్రిడ్ ఉత్తరం అసలు ఉత్తరానికి 0.7 డిగ్రీలు తూర్పున ఉంటుంది, మనం 81 డిగ్రీల మధ్యరేఖకు 2.3 డిగ్రీలు తూర్పున ఉన్నాం కాబట్టి. అంటే కంపాస్ రీడింగ్‌ను గ్రిడ్ దిశతో పోల్చాలంటే రెండూ కలిపి 1.7 డిగ్రీలు తగ్గించాలి. చేతి కంపాస్ తప్పే 2 డిగ్రీలుంటుంది, దీని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. ఒకసారి సరిచేసి, ఏం చేశారో ఒక వాక్యం రాస్తే సరి.

తలాల రీడింగులకు మాత్రం రోజ్ కన్నా స్టీరియోనెట్టే (దిశ, వాలు రెండూ కలిపి చూపే వృత్తాకార పటమే) సరైనది. ఆల్‌మెండింగర్ రాసిన స్టీరియోనెట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ రెండు కాలమ్‌లను నేరుగా తీసుకుంటుంది. ఈక్వల్ ఏరియా, లోయర్ హెమిస్ఫియర్ పెట్టి పోల్స్ (తలాలకు లంబంగా ఉండే గీతలు) వేయండి. స్ట్రైక్‌ల సగటు, డిప్‌ల సగటు విడివిడిగా తీయకండి. 45 వైపు 10 డిగ్రీలు, 225 వైపు 10 డిగ్రీలు వాలిన రెండు తలాలకు అలా తీస్తే "135 వైపు 10" అని వస్తుంది, అసలు జవాబు సమతలం. పోల్స్‌ను వెక్టర్లుగా కూడాలి, సాఫ్ట్‌వేర్ అదే చేస్తుంది. మన ఖోండలైట్‌లు పదేపదే మడతలు పడ్డ రాళ్ళు. పైగా నగరం దగ్గర కైలాస, యారాడ కొండల వరుసలు సాధారణ ఈశాన్య దిశను వదిలి తూర్పు వైపు తిరుగుతాయి. అందువల్ల పోల్స్ ఒక గుంపుగా కాకుండా ఒక గ్రేట్ సర్కిల్ (నెట్ మీద ఒక తలాన్ని చూపే వంపు గీత) వెంట పరుచుకుంటే ఆశ్చర్యపడకండి. అప్పుడు సగటు స్ట్రైక్‌కు అర్థమే లేదు. సిలిండ్రికల్ బెస్ట్ ఫిట్ కొట్టి, ఆ వృత్తపు పోల్‌ను మడత అక్షంగా తీసుకోండి. ఉత్తర కొండలు, దక్షిణ కొండలు రెండు డొమైన్‌లుగా విడదీసి రెండు నెట్లు వేస్తే తేడా కంటికే కనిపిస్తుంది. జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) భూకోశ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే 1:50,000 జియాలజీ లేయర్లు దొరుకుతాయి. మీ రీడింగులు వాటి పక్కన పెట్టి చూడండి.

జాయింట్ల కోసం జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు కింద ఒడ్డు రాళ్ళ మీద టేపు పరిచి లెక్కపెడుతున్నట్టు రాశారు. ఒడ్డు దాదాపు 45 డిగ్రీల దిశలో ఉంది, టేపూ అటే. ఆ టేపుకు సమాంతరంగా నడిచే జాయింట్లు మీకు అసలు తగలవు. టెర్జాగి సవరణలో (టేపు దిశ వల్ల తప్పిపోయే జాయింట్లను సరిదిద్దే లెక్కలో) ప్రతి జాయింట్‌కూ, అది టేపుతో చేసే కోణపు సైన్‌తో ఒకటిని భాగించి బరువు ఇవ్వాలి. 55 స్ట్రైక్ ఉన్న నిలువు జాయింట్‌కు కోణం 10, బరువు 5.76. 135 స్ట్రైక్ జాయింట్‌కు 1. కోణం 10 కన్నా తగ్గితే బరువు అదుపు తప్పుతుంది, ఒక్క రీడింగే రేకంతా నింపేస్తుంది, అందుకని అక్కడ ఆపేయాలి. దానికన్నా సులువైన మందు, అదే రాళ్ళ మీద ఒడ్డుకు అడ్డంగా, సముద్రం వైపు రెండో టేపు పరవడం. 10 మీటర్లే దొరికినా ఫరవాలేదు, రెండు టేపుల లెక్కలూ మీటరుకు ఇన్ని అని మార్చి పక్కపక్కన పెట్టండి.